ఇనుము తిన్నదెవరు

బాలస్వామి మేస్త్రీ చేతులు గునపంతో విరగ్గొట్టారు. ముందు కుడిచెయ్యి, తర్వాత ఎడమచెయ్యి. మందిరం మెట్టు మీద చేతులు చాపించి ఇద్దరు అదిమి పట్టుకుంటే దేవదానం కొట్టాడు. కొట్టే ముందు "కళ్లు మూసుకోండి మేస్త్రీ గారూ" అన్నాడట. మా వైపు మర్యాద అలాంటిది. ప్రాణం తీసేటప్పుడు కూడా గారూ, అండీ వదిలిపెట్టం. ఆ మర్యాద చూసి మురిసిపోయేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ సమయంలో దేవదానాన్ని ఆపగలిగిన మనిషి ఊళ్లో లేడు. అతని భార్య సుగుణ శవం అప్పటికింకా అక్కడే, విరిగిపడిన స్లాబు ముక్కల మధ్య ఉంది. ఆదివారం ఆరాధన అయ్యాక ఆడవాళ్లు మందిరం ముందు పోర్టికో కింద చెప్పులు వేసుకుంటూ మాట్లాడుకుంటున్నారు. స్లాబు మొదలంటా విరిగి కూలింది. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. సుగుణ బయటపడలేదు.

విరిగిన చోట స్లాబులోని కడ్డీలు బయటికి వచ్చాయి. చిటికెన వేలంత లావు ఉండాల్సినవి, పన్నెండు ఎం.ఎం. కడ్డీలు, చీపురుపుల్లల్లా ఉన్నాయి. అది చూసి ఎవరో కేక పెట్టారు.

"ఇనుము తినేశాడ్రా!"

కట్టుబడి పనుల్లో ఈ మాట తెలియనివాళ్లుండరు. కంట్రాక్టరు సిమెంటు తిన్నాడంటారు, మేస్త్రీ ఇనుము తిన్నాడంటారు. లావు కడ్డీకి బదులు సన్నది వేసి మిగిలింది కాజేశాడని అర్థం. ఆ మాట ఒకసారి బయటపడ్డాక ఇక ఎవరూ ఏమీ అడగరు. బాలస్వామిని అన్నం ముందు నుంచి లేపి లాక్కొచ్చారు. చేతికి అంటిన పప్పన్నం కడుక్కోనివ్వలేదు.

నా పేరు పద్మప్రియ. మాది తాడేపల్లిగూడెం. ఏలూరులో ఒక చిన్న ల్యాబులో ఇంజనీరును. కట్టడాన్ని పగలగొట్టకుండా పరీక్షించి, లోపల ఎంత బలం ఉందో, ఎక్కడ పుచ్చిందో చెప్పడం నా పని. మా అమ్మ పెళ్లిచూపులకు వచ్చినవాళ్లతో "మా అమ్మాయి గోడలకి డాక్టరండి" అనేది. ఒకాయన అది నిజమనుకుని వాళ్లింటి వంటగది చెమ్మకి మందు రాసిమ్మన్నాడు. ఆ సంబంధం నేనే చెడగొట్టాను.

కూలిన స్లాబు చూసి రిపోర్టు ఇమ్మని మండలాఫీసు నుంచి మా ల్యాబుకి కాగితం రావడంతో బుధవారం పొద్దున బయలుదేరాను. ముదినేపల్లి దాటి కొల్లేటి వైపు తిరిగాక వచ్చే లంక అది. ఊరి పేరు ఎందుకులెండి. దారికి రెండువైపులా చెరువులే. ఏరియేటర్లు నీళ్లను చిలుకుతున్నాయి. గట్ల మీద మేత బస్తాలున్నాయి. గుర్రపుడెక్క కమ్మేసిన డ్రెయిను మీద కొంగలు నిలబడి ఉన్నాయి. ఇంత ప్రశాంతంగా ఉన్న చోట మనుషుల చేతులు విరుగుతాయా అనిపించింది. పెట్టె పట్టుకుని ఆటో దిగేసరికి, మందిరం ఎదుట ఊరంతా నిలబడి ఉంది.

మందిరం ముందు గోడకి రెండు స్తంభాలు, వాటి మీద ఒక పొడుగాటి బీము. పోర్టికో స్లాబు ఆ బీములోంచి బయటికి సాగి ఉండేది. ఇప్పుడు బీము మిగిలింది, స్లాబు కింద ముక్కలై పడి ఉంది. కుడివైపు స్తంభానికి ఒక మనిషిని వల తాడుతో కట్టేశారు. పెదవి చీలింది. ఒక కన్ను మూసుకుపోయింది.

"ఎవరతను?" అన్నాను.

హెడ్ కానిస్టేబుల్ సూర్యప్రకాశరావు గారు రిటైర్మెంటుకి దగ్గరపడిన మనిషి. చెమట తుడుచుకుంటూ చెప్పారు. "అహరోను అండి. మేస్త్రీకి తమ్ముడు. ఆ స్లాబుకి కడ్డీలు కట్టింది ఇతనే. ఆస్పత్రిలో ఉన్న అన్నగారికి బట్టలు తీసుకెళ్దామని వచ్చి దొరికిపోయాడండి. మీరు మిషను పెట్టి ఏం చెబితే అదేనంటున్నారు. ఇనుము తిన్నట్టు తేలితే ఇతని చేతులు కూడా..."

"మీరేం చేస్తున్నారు?"

"స్టేషనుకి ఫోన్ చేశానండి. వస్తామన్నారు."

"ఎప్పుడొస్తారు?"

"వస్తామన్నారండి."

నాకు కోపం వస్తే గొంతు పెరుగుతుంది, బుద్ధి తగ్గుతుంది. "తాడు విప్పితేనే నేను పెట్టె తెరుస్తాను" అని అరిచాను. గుంపులోంచి దేవదానం ముందుకు వచ్చాడు. ఎత్తుగా, బలంగా ఉన్నాడు. గడ్డం మాసిపోయింది. చేతిలో అదే గునపం. దాని మొన కడగలేదు.

"విప్పమండి. మీరు ఏలూరు నుంచి వచ్చారు, ఎండగా ఉంది, మజ్జిగ తాగి పని చూసుకోండి. మీరు వెళ్లిపోతే మాకు మిషను అక్కర్లేదు" అన్నాడు.

వెళ్లిపోతే ఏమవుతుందో అహరోను చేతులు చూస్తేనే తెలుస్తోంది. వేళ్లు అరచేతుల్లోకి ముడిచి దాచుకుంటున్నాడు. పెట్టె తెరిచాను.

రీబౌండ్ హేమర్ లావుపాటి టార్చిలైటులా ఉంటుంది. కొసను కాంక్రీటుకి ఆనించి నొక్కితే లోపలి స్ప్రింగు ఒక దెబ్బ వేస్తుంది. కాంక్రీటు గట్టిదైతే ఆ దెబ్బ తిరిగి కొడుతుంది. ఎదురుదెబ్బ ఎంత గట్టిగా ఉందో పక్కన నంబరు పడుతుంది. మెత్తని కాంక్రీటు ఎదురుతిరగదు, నంబరు తక్కువొస్తుంది. అంతకంటే ఇందులో మాయ లేదు.

"దీన్నేమంటారండి?" అన్నాడొక పెద్దాయన.

"సుత్తి."

"తల మీద పెడితే కూడా నంబరొస్తుందాండి?"

"మీ తల తెండి. రాకపోతే లోపలేమీ లేదని రాసిస్తాను."

ఎవరో నవ్వారు. దేవదానం తిరిగి చూడగానే ఆ నవ్వు ఆగిపోయింది.

అహరోనును కట్టిన స్తంభం మీదే మొదలుపెట్టాను. అతని భుజం పక్కన సున్నం గీకి, హేమర్ ఆనించి నొక్కాను. టప్ మని శబ్దం వచ్చినప్పుడల్లా అతను ఉలిక్కిపడ్డాడు. ముప్పై తొమ్మిది. నలభై. నలభై రెండు. సుద్దముక్కతో స్తంభం మీదే రాశాను. రెండో స్తంభం కూడా అంతే, దాని మీదా నలభై రెండు అని రాశాను. నిచ్చెన వేసుకుని బీము మీద కొట్టినా అంతే. పల్లెటూరి మందిరానికి ఇంత మంచి కాంక్రీటు నేను అరుదుగా చూశాను. ఆ మాటే పైకి అనేశాను, అనకుండా ఉండాల్సింది.

"కాంక్రీటు గట్టిది. సిమెంటు ఎవరూ తినలేదు."

గుంపు ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత వెనక నుంచి ఒక గొంతు లేచింది. "సిమెంటు తినకపోతే ఇనుమే తిన్నాడు కదండీ! కళ్ల ముందే ఉన్నాయి పుల్లలు!"

నేను నిచ్చెన దిగేలోపే దేవదానం గునపం వెనక కొసతో అహరోను కడుపులో పొడిచాడు. అహరోను ముందుకు వంగలేకపోయాడు, తాడు పట్టి ఉంచింది. నోట్లోంచి పచ్చటి నీళ్లు కారాయి. గునపం రెండోసారి లేచింది. నేను మధ్యలోకి వెళ్లాను. దేవదానం మోచెయ్యి నా మూతికి తగిలింది. పన్ను కింద పెదవి చితికి నోరంతా ఉప్పగా అయింది.

"అయ్యో, తగిలిందా మేడమ్ గారూ? తప్పుకోండని చెప్పాను కదండీ" అన్నాడు. నిజంగానే నొచ్చుకున్నాడు.

ఆ మర్యాదకే నాకు పిచ్చెక్కింది. చాచి అతని చెంప మీద కొట్టాను. చెయ్యి మండింది. గుంపులో మగవాళ్లు ఒక్క అడుగు ముందుకు వేశారు. కానిస్టేబుల్ గారు "ఏవండీ, ఏవండీ" అంటూ అటూ ఇటూ తిరిగారు. దేవదానం చెంప పట్టుకోలేదు. గునపం దించనూ లేదు.

"ఇనుము తిన్నారో లేదో తేల్చమనే కదా పిలిచారు!" అన్నాను, నెత్తురు ఉమ్మేసి. "తేల్చేదాకా ఆగలేరా? ఆగలేకపోతే నన్నెందుకు పిలిచారు, చూడ్డానికా?"

అతను ఆగాడు. "తేల్చండి" అన్నాడు.

కాంక్రీటు లోపల ఇనుము ఎక్కడుందో, ఎంత లావుందో పసిగట్టే మీటరు ఒకటి నా దగ్గర ఉంది. మళ్లీ నిచ్చెనెక్కి దాన్ని బీము మీద జరిపాను. స్లాబు విరిగిన అంచు దగ్గర, సన్నటి కడ్డీలు బయటికి పొడుచుకువచ్చిన చోటికి సరిగ్గా వెనక, బీము లోపల మీటరు కూసింది. పన్నెండు చూపించింది. పక్కకి జరిపాను, పన్నెండే. బయట చూస్తే పుల్ల, లోపల చూస్తే కడ్డీ. నా మెదడులో అప్పుడే ఏదో కదిలింది.

"లోపల పన్నెండు ఎం.ఎం. ఉంది" అని మీటరు చూపించాను.

"మిషనుదేముందండి, మనమేం చెప్పమంటే అది చెబుద్ది" అన్నాడు నిచ్చెన పట్టుకున్నవాడు. గుంపు అవునంది.

పగలగొట్టకుండా నిజం చెబుతానని జీతం తీసుకునేదాన్ని నేను. కిందికి దిగి దేవదానంతో అన్నాను. "ఆ గునపం తీసుకుని పైకెక్కండి. నేను గీత గీసిన చోట పగలగొట్టండి. మీ కళ్లతోనే చూడండి."

అతను ఎక్కాడు. మూడు రోజులుగా అన్నం తినని మనిషి, పళ్లు బిగించి కొట్టాడు. బీము అంత తేలిగ్గా లొంగలేదు. రవ్వలు లేచాయి, పెళ్లలు మాత్రం గోరంతేసి రాలాయి. కొట్టిన ప్రతిసారీ గునపం అతని చేతుల్లో ఎగిరిపడింది. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చివరికి ఒక పెద్ద పెళ్ల ఊడిపడి కడ్డీ కనిపించింది. నీలంగా, కొత్తగా, గాట్లు కూడా చెక్కుచెదరకుండా ఉంది.

దేవదానం గునపం కింద పడేసి దాన్ని వేళ్లతో పట్టుకున్నాడు. వేళ్లు బయటికి జరుపుకుంటూ వచ్చాడు. బీము లోపల చిటికెన వేలంత ఉన్న కడ్డీ, బీము దాటి స్లాబులోకి వచ్చేసరికి పొరలు పొరలుగా రాలి పుల్లయిపోయింది. ఒకటే కడ్డీ. మధ్యలో అతుకు లేదు. అతను మళ్లీ వెనక్కి జరిపి చూశాడు, మళ్లీ ముందుకి. తుప్పు అతని అరచేతిలో ఎర్రగా రాలింది.

"పన్నెండే వేశామండి" అన్నాడు అహరోను. ఏడుస్తున్నాడు. "మా అన్నయ్య మొదట్నుంచీ అదే చెప్పాడు కదండీ. చేతులు మెట్టు మీద పెట్టినప్పుడు కూడా అదే చెప్పాడు. విన్లేదు కదండీ మీరు."

బాలస్వామి చేతులు అదిమి పట్టుకున్న ఇద్దరూ ఎవరో నాకు తెలియదు గానీ, గుంపులో ఎవరెవరు తలొంచుకున్నారో చూశాను.

ఇందాక సుత్తి గురించి అడిగిన పెద్దాయనే అడిగాడు, ఈసారి మెల్లగా. "మరి ఇనుము ఏమైపోయిందండి?"

నా దగ్గర ఒక చిన్న సీసాలో మందు ఉంటుంది. ఉప్పు తగిలితే పాలవిరుగుడులా తెల్లబడుతుంది. ముందు బీము పెళ్ల మీద చల్లాను. రంగు పెద్దగా మారలేదు. తర్వాత కింద పడి ఉన్న స్లాబు ముక్క మీద చల్లాను. చూస్తుండగానే తెల్లగా విరిగి పరుచుకుంది. ఇంకో ముక్క, అదీ తెలుపే. అదే మేస్త్రీ, అదే సిమెంటు, అదే కడ్డీ. బీములో లేని ఉప్పు స్లాబులోకి ఎక్కణ్ణుంచి వచ్చింది?

"బీము ఎప్పుడు పోశారు, స్లాబు ఎప్పుడు పోశారు?" అని అహరోనును అడిగాను.

"బీము ఆరేడేళ్ల కిందట, క్రిస్మస్ అయ్యాకండి. స్లాబు ఆ వేసవిలో, కాలువలకి నీళ్లు కట్టేశాక..."

"నీళ్లు చాల్లేదంటావా!" దేవదానం నిచ్చెన మీద నుంచి దూకాడు. "కాలువ కట్టేశారని స్లాబు ఎండిపోయిందంటావేంట్రా? మేడమ్ గారూ, వీడి మాట వినకండి. ఆ స్లాబు నా భార్య తన చేత్తో తడిపిందండీ. పొద్దున్నా సాయంత్రం పైకెక్కి పైపు పట్టుకునేది. ఒక్క పూట ఎండనివ్వలేదు. జ్వరం వచ్చినా ఎక్కింది. దేవుడి పని, నేనే చేస్తానని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. అడగండి, ఊరంతా చూసింది!"

"అవునండీ" అంది ఒక ముసలామె. "పాటలు పాడుకుంటూ తడిపేదండి తల్లి."

కాలువ కట్టేస్తే నీళ్లెక్కడివి? ఆ ప్రశ్న నేను ఆలోచించి అడగలేదు. ఇంజనీరు నోరు కదా, దానంతటదే అడిగేసింది.

"ఏ నీళ్లండీ?"

"మావేనండి, మా చెరువు నీళ్లే." అతని ముఖంలో ఆ రోజు మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. "ఆ ఏడే కొత్తగా రొయ్య వేశాం. మోటారు పెట్టి, గట్టు మీద నుంచి మందిరం దాకా పైపు వేయించాను. కాంక్రీటు కలపడానికీ మా నీళ్లే, తడపడానికీ మా నీళ్లే. మందిరం పనికి ఎవరింటికీ బిందె పట్టుకుని వెళ్లనివ్వలేదండి."

రొయ్యల చెరువుకి ఉప్పునీళ్లు కావాలి. బోరు ఉప్పుగా పడితే అదృష్టం అనుకునే ఊళ్లివి. ఆ నీళ్లు ఇనుమును ఏం చేస్తాయో నేను చెప్పాల్సిన పనిలేదు. ఏటా మోటారు బోల్టులు మార్చుకునేది వాళ్లే. ఏరియేటరు ఇరుసులు విరిగి నీళ్లలో పడితే తిట్టుకునేదీ వాళ్లే. గేటుకి వేసిన తాళం ఏడాదికి పొడైపోతుందని నవ్వుకునేదీ వాళ్లే. ఆడవాళ్లకి ముందు అర్థమైంది. ముసలామె కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకరి తర్వాత ఒకరు నేల చూపులు చూడటం మొదలుపెట్టారు.

దేవదానానికి ఒక్కడికే ఇంకా అర్థం కాలేదు. "ఏంటండి? ఎందుకలా చూస్తారు?" అని అందరి ముఖాలూ చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "చెప్పండి మేడమ్ గారూ. ఇనుము ఎవరు తిన్నారు?"

అబద్ధం చెప్పాలనిపించింది. పునాది కుంగిందనో, భూమి అదిరిందనో చెప్పి పెట్టె సర్దుకుని వెళ్లిపోతే ఎవరూ కాదనేవాళ్లు కాదు. అతని మీద నాకున్న కోపమంతా అప్పటికే ఎక్కడికో పోయింది. గునపం పట్టినవాడిలా కాదు, భార్య పాటలు గుర్తు తెచ్చుకుంటున్న మొగుడిలా ఉన్నాడు. కానీ అహరోను ఇంకా స్తంభానికే ఉన్నాడు. ఏలూరు ఆస్పత్రిలో బాలస్వామికి ఎవరో అన్నం కలిపి నోట్లో పెడుతుంటారు. నేను మాట్లాడకపోతే అతను జీవితాంతం ఇనుము తిన్నవాడుగానే ఉండిపోతాడు.

"ఉప్పు తినేసిందండి" అన్నాను. "మీ చెరువు నీళ్లలో ఉప్పు. మేస్త్రీ తప్పు లేదు."

అతను కింద తెల్లబడిన స్లాబు ముక్కను చూశాడు. అరచేతిలో తుప్పును చూశాడు. మొదట ఏదో దగ్గులాంటిది వచ్చింది. తర్వాత వచ్చిన అరుపు మనిషి అరుపులా లేదు. పశువును కోసేటప్పుడు విన్నాను అలాంటిది.

గునపం ఎత్తి ఎడమవైపు స్తంభం మీద పడ్డాడు. ఈసారి ఎవరికీ గారూ అనలేదు, అండీ అనలేదు. "పడవే! నా మీద పడవే!" అని కొట్టాడు. నేను సుద్దముక్కతో నలభై రెండు అని రాసిన చోటే కొట్టాడు. సున్నం రాలింది, లోపల కాంక్రీటు కదల్లేదు. కాలువలో మంచినీళ్లు పారే రోజుల్లో బాలస్వామి దగ్గరుండి పోసిన స్తంభం అది. కొట్టిన ప్రతి దెబ్బనూ అది తిరిగి కొట్టింది. నాలుగో దెబ్బకో ఐదో దెబ్బకో గునపం ఎగిరి వెనక్కి వచ్చింది. అతని కుడి మణికట్టు పుటుక్కుమనడం నాకు వినిపించింది. ఎముక చర్మం కింద పక్కకి పొడుచుకొచ్చింది. గునపం జారిపోయింది. అయినా ఆగలేదు. తలతో కొట్టాడు. నుదురు చిట్లింది. నెత్తురు కళ్లలోకి కారుతుంటే మళ్లీ కొట్టాడు. స్తంభం మీద నా అంకెలు ఎర్రగా అలుక్కుపోయాయి.

ఊరు ఊరంతా అలాగే నిలబడింది. బాలస్వామిని కొట్టడానికి ఎగబడిన చేతుల్లో ఒక్కటి కూడా కదల్లేదు.

"తాడు కొయ్యండి!" అని నేను కానిస్టేబుల్ గారి మీద అరిచాను. ఆయన జేబులోంచి చిన్న చాకు తీసి కోశారు. తాడు తెగగానే అహరోను పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు. కడుపు పట్టుకుని కుంటుకుంటూ వెళ్లి దేవదానాన్ని వెనక నుంచి వాటేసుకున్నాడు. దేవదానం విదిల్చుకున్నాడు, మోచేత్తో పొడిచాడు, తల వెనక్కి విసిరాడు. అహరోను ముక్కు చితికిపోయింది. వదల్లేదు. ఇద్దరూ స్లాబు ముక్కల మీద పడ్డారు. అక్కడ కూడా కాసేపు పెనుగులాట సాగింది. ఎవరి నెత్తురు ఎవరిదో తెలియలేదు. చివరికి దేవదానం ఒళ్లు సడలింది. అహరోను అతని తలను తన ఒడిలోకి లాక్కుని, ఇక రాళ్లకు తగలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు.

నేను పక్కన కూర్చుని నా చున్నీ అతని నుదుటికి అదిమాను. దేవదానం ఒక కన్ను తెరిచాడు. నన్ను గుర్తుపట్టాడు. విరగని చేత్తో నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాగాడు. గొంతు తగ్గించాడు, ఎవరో పక్క గదిలో నిద్రపోతున్నట్టు.

"మేడమ్ గారూ, ఈ నీళ్ల సంగతి సుగుణకి చెప్పకండి. తట్టుకోలేదండి."

"చెప్పనండీ" అన్నాను.